మద్రాస్ టెర్రస్ మీద థీసిస్: వేడి ఎలా కొలవాలి?

ప్రశ్న: చెన్నైలో ఎం.ఆర్క్ చదువుతున్నాను. మైలాపూర్‌లో మేం అద్దెకుంటున్న పాత ఇంటిది మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద చిన్న ఇటుకలు ఐమూలగా నిలబెట్టి, సున్నంతో కట్టిన కప్పు. మధ్యాహ్నం గది చల్లగానే ఉంటుంది, రాత్రి 10 దాటితే ఒకటే ఉక్క. నా కొలతలే తప్పా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పేం కాదమ్మా. మందపాటి కప్పు పగటి వేడిని పట్టుకుని ఆలస్యంగా కిందికి వదులుతుంది. గదిలో గాలి వేడి ఒక్కటే చాలదు. కప్పు పైనా, అడుగునా సెన్సర్లు పెట్టి 24 గంటలూ గంటగంటకీ నమోదు చెయ్యండి.

మరో జవాబు: పైన సిమెంటు పూశారేమో ఓనర్‌ని అడగండి. మా తాత మేస్త్రీ. ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటును, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ, చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టించేవారు. ఆ పొర మందం తెలుసుకోకుండా రాయకండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు: పూశారట, నిరుడు కారినప్పుడు! ఈ రాత్రి నుంచే మళ్లీ కొలుస్తాను.