గ్రామాలకు ఇచ్చే ఫౌండేషన్ గ్రాంటు భవనాలకు వెళ్లాలా, మనుషుల జీతాలకు వెళ్లాలా?

పల్లెబడి:

గ్రామీణ విద్య, వైద్యం, ఉపాధి రంగాలకు గ్రాంటులిచ్చే ఫౌండేషన్లలో చాలా వాటికి ఒక అలవాటు ఉంది. తరగతి గదులు కట్టిస్తామంటే, స్కానింగ్ యంత్రం కొనిపెడతామంటే, కుట్టు శిక్షణ కేంద్రానికి మిషన్లు ఇప్పిస్తామంటే సంతోషంగా ముందుకు వస్తాయి. అదే దరఖాస్తులో ఉపాధ్యాయుని జీతం, నర్సు జీతం, శిక్షకురాలి జీతం కనిపించగానే వెనకాడతాయి. ఒకసారి మొదలుపెట్టిన జీతం ఏటా ఇవ్వాల్సి వస్తుందన్న భయం దానికి కారణం. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. గ్రామానికి ముందు కావలసింది మనిషి. గ్రాంటులో పెద్ద భాగం జీతాలకే కేటాయించాలి, గడువు తీరిన మరుసటి నెల నుంచి ఆ జీతం ఎవరిస్తారన్నది మొదటి విడత సొమ్ము విడుదల కాకముందే ఒప్పందంలో రాసుకోవాలి.

ఇది కొత్త వాదన కాదు. అమెరికా ఉక్కు పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ ప్రపంచవ్యాప్తంగా 2,509 గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చాడు. ఆయన నిర్వహణను పట్టించుకోలేదని అనలేం. స్థలం ఊరివారే ఇవ్వాలి, గ్రాంటు మొత్తంలో 10 శాతాన్ని ఏటా పన్నుల ద్వారా నిర్వహణకు కేటాయించాలి అన్నది ఆయన షరతు. అయితే ఆ లెక్క చిన్న ఊరిలో ఎలా పనిచేస్తుందో చూడండి. 10,000 డాలర్ల భవనం తీసుకున్న ఊరు ఏడాదికి 1,000 డాలర్లు పెట్టాలి. పుస్తకాలు, దీపాలు, చలికాలపు బొగ్గు, మరమ్మతులు, గ్రంథపాలకుని జీతం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ముందుగా కోత పడేది జీతానికే. 1916లో కార్నెగీ స్థాపించిన ఫౌండేషన్ అయిన కార్నెగీ కార్పొరేషన్ కోసం ఆర్థికవేత్త ఆల్విన్ జాన్సన్ ఈ గ్రంథాలయాలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. భవనాల మీద పెట్టిన శ్రద్ధ శిక్షణ పొందిన గ్రంథపాలకుల మీద పెట్టలేదన్నది అందులోని ముఖ్యమైన విమర్శ. ఆ మరుసటి ఏడాదే కొత్త భవనాలకు గ్రాంటులు నిలిచిపోయాయి. వందేళ్ల కిందట తేలిన విషయాన్ని నేటి ఫౌండేషన్లు ఎందుకు లెక్కలోకి తీసుకోవడం లేదన్నది నా ప్రశ్న.

లెక్కలపద్దు:

పల్లెబడి గారి ఆవేదన అర్థమైంది గానీ, ఆ నిర్ణయంతో ఏకీభవించలేను. ఫౌండేషన్ సొమ్ము శాశ్వతం కాదు, ప్రభుత్వ ఖజానాకు ఉన్న బాధ్యత దానికి లేదు. ఫౌండేషన్ జీతంతో ఒక ఉపాధ్యాయుడు బడికి వచ్చాడంటే, ఖాళీగా ఉన్న పోస్టును భర్తీ చేయకుండా ఊరుకోవడానికి విద్యాశాఖకు ఒక సాకు దొరికినట్టే. మూడేళ్ల తరువాత గ్రాంటు ఆగిపోతుంది, ఉపాధ్యాయుడు వెళ్లిపోతాడు, పోస్టు మాత్రం ఖాళీగానే ఉంటుంది. ఆ మూడేళ్లలో బడి మీద నమ్మకం పెంచుకున్న తల్లిదండ్రులకు జరిగే నష్టం, అసలు ఏమీ రానప్పటి నష్టం కన్నా ఎక్కువ.

భవనమే మనిషిని రప్పించిన సందర్భమూ చరిత్రలో ఉంది. అమెరికాలోని సియర్స్ రోబక్ వ్యాపార సంస్థ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్, టస్కీగీ విద్యాలయానికి చెందిన నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ సూచన మేరకు 1912లో అలబామా రాష్ట్రంలోని నల్లజాతి పిల్లల కోసం ఆరు గ్రామీణ పాఠశాలలకు సాయం చేశారు. 1932 నాటికి అమెరికా దక్షిణాదిలో 15 రాష్ట్రాలలో పాఠశాలలు, ఉపాధ్యాయుల ఇళ్లు, వృత్తి విద్యా శాలలు కలిపి 5,357 కట్టడాలు లేచాయి. కరెంటు లేని ఊళ్లకు తగినట్టుగా, తూర్పు పడమరల వెలుగు గదిలోకి పడేలా పెద్ద కిటికీలను వరుసగా అమర్చిన నమూనాలను ఆయన నెలకొల్పిన రోజెన్‌వాల్డ్ ఫండే తయారుచేయించి పంపేది. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటి. స్థలం, భవనం రెండూ స్థానిక ప్రభుత్వ విద్యాధికారుల పేరిట రాసివ్వాలి. ఒకసారి రికార్డులో చేరాక ఆ బడిని నడపవలసిన బాధ్యత, ఉపాధ్యాయునికి జీతమివ్వవలసిన బాధ్యత ప్రభుత్వానివే. అంటే ఫౌండేషన్ తన సొమ్మును జీతాలకు ఖర్చు చేయకుండానే జీతాలకు ఏర్పాటు చేయించింది. ఒక్కసారి పెట్టే సొమ్ముతో ఇంతకన్నా గట్టి ఫలితం సాధించిన పద్ధతి నాకు తెలిసినంతలో లేదు.

చేనుగట్టు:

లెక్కలపద్దు గారూ, మీరు చూపిన ఉదాహరణలోనే మీరు పక్కన పెట్టిన లెక్క ఒకటి ఉంది. ఆ కార్యక్రమానికి ఖర్చయిన దాదాపు 2 కోట్ల 80 లక్షల డాలర్లలో రోజెన్‌వాల్డ్ ఫండ్ ఇచ్చింది 43 లక్షల పైచిలుకు. నల్లజాతి ప్రజలు చందాల రూపంలో ఇచ్చింది సుమారు 47 లక్షలు, అంటే దాత కన్నా ఎక్కువ. వారు అప్పటికే పన్నులు కడుతున్నారు. ఆ పన్నులలో వారి పిల్లల బడులకు దక్కవలసిన వాటా తెల్లవారి బడులకు మళ్లుతోంది. తమకు హక్కుగా రావలసిన బడి కోసం వారు రెండోసారి చెల్లించవలసి వచ్చింది. చెమటోడ్చి సంపాదించిన దానిలోంచి, కలప, కూలి, భూమి రూపంలో కూడా ఇచ్చారు. వారి పట్టుదల ముందు తలవంచి నమస్కరించాలి. కానీ ఆ పట్టుదలను చూపి మ్యాచింగ్ గ్రాంటు, అంటే ఊరు తన వాటా పెడితేనే దాత ఇచ్చే గ్రాంటు, మంచి పద్ధతి అని నిర్ధారించడం న్యాయం కాదు.

నేడు ఫౌండేషన్లు మీ వాటా ఎంత అని గ్రామాలను అడుగుతున్నప్పుడూ ఇదే జరుగుతోంది. వాటా పెట్టగలిగిన ఊరు దరఖాస్తు చేస్తుంది. పెట్టలేని ఊరు దరఖాస్తు నమూనా చదివి పక్కన పెట్టేస్తుంది. గ్రాంటు అందిన ఊళ్ల జాబితా చూస్తే పద్ధతి విజయవంతమైనట్టే కనబడుతుంది, ఎందుకంటే అందని ఊళ్లు ఆ జాబితాలోనే ఉండవు. భవనమా జీతమా అన్న ప్రశ్న కన్నా, భారం ఎవరి నెత్తిన పడుతోందన్న ప్రశ్న ముందు తేలాలని నా మనవి.

లెక్కలపద్దు:

చందాల విషయంలో చేనుగట్టు గారి అభ్యంతరం సరైనదే. ప్రజల నుంచి రెండోసారి వసూలు చేయడాన్ని నేను సమర్థించడం లేదు. నేను సమర్థిస్తున్నది ఆస్తిని ప్రభుత్వ రికార్డులో చేర్పించే షరతును మాత్రమే. ఈ రెండింటినీ విడదీయవచ్చు.

కొండవాగు:

చర్చ బడుల చుట్టూనే తిరుగుతోంది కనుక వైద్యం సంగతి చెబుతాను. బడి భవనం కొంతకాలం ఒక్క ఉపాధ్యాయునితోనైనా నడుస్తుంది. ఆసుపత్రి అలా నడవదు. రాత్రి కాన్పుకు వచ్చిన తల్లికి నర్సు, మత్తు డాక్టరు, రక్తం, వాటిని సిద్ధంగా ఉంచే సిబ్బంది అందరూ ఆ గంటలోనే కావాలి. రోగులు తక్కువగా వచ్చినా జీతాల ఖర్చు తగ్గదు. గ్రామీణ ఆసుపత్రి దెబ్బతినేది ఇక్కడే. అమెరికాలో 1946 నాటి హిల్ బర్టన్ చట్టం కింద ప్రభుత్వ నిధులతో గ్రామీణ ప్రాంతాలలో ఆసుపత్రులు విరివిగా కట్టారు. అదే దేశంలో 2010 తరువాత వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి. వాటిని మూయించింది గోడల కొరత కాదు. రోజువారీ ఖర్చుకు తగిన రాబడి లేకపోవడం, సిబ్బంది దొరకకపోవడం అందులో ప్రధాన కారణాలు.

దీనికి విరుగుడు ఒక ఫౌండేషన్ చాలా ముందే కనిపెట్టింది. 1924లో అమెరికా పొగాకు వ్యాపారి జేమ్స్ బి. డ్యూక్ 4 కోట్ల డాలర్లతో నెలకొల్పిన డ్యూక్ ఎండోమెంట్ ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల ఆసుపత్రులకు సాయం చేసింది. భవనాలకూ ఇచ్చింది గానీ, దానితో సరిపెట్టలేదు. డబ్బు చెల్లించలేని రోగి ఆసుపత్రి మంచం మీద గడిపిన ప్రతి రోజుకూ ఆ ఆసుపత్రికి ఒక డాలరు వరకు చెల్లించే ఏర్పాటు చేసింది. ఇందులోని వివేకం గమనించండి. సొమ్ము కట్టడాన్ని బట్టి కాక, అందిన సేవను బట్టి వస్తుంది. పేదవానిని చేర్చుకోవడం ఆసుపత్రికి నష్టంగా కాక, కొంత ఆసరాగా మారుతుంది. ఎన్ని రోజులు ఎంతమందికి ఉచితంగా వైద్యం చేశారో రాసి చూపాలి కనుక పద్దులూ సక్రమంగా ఉంటాయి. ఫౌండేషన్ నిరంతర ఖర్చు భరించలేదన్న లెక్కలపద్దు గారి మాటకు ఇదే నా సమాధానం. మూలధనం ఉంచుకుని దాని రాబడిని పంచే సంస్థకు నిరంతరం ఇవ్వగల శక్తి ఉంటుంది, మూడేళ్ల గడువు అది ఎంచుకున్నదే.

ఇక సిబ్బందిని తయారుచేయడం గురించి. నగరంలో పుట్టి పెరిగి చదివినవారిని పల్లెకు పంపడం కన్నా పల్లెలో పుట్టినవారిని చదివించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సిఫారసు చేసింది. జపాన్‌లో 1972లో ఏర్పడిన జిచి వైద్య విశ్వవిద్యాలయంలో ప్రతి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పరిపాలనా విభాగం) తన విద్యార్థులను ఎంపిక చేసి పంపుతుంది. ఆరేళ్ల చదువు ఖర్చు తీరాలంటే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే తొమ్మిదేళ్లు, సొంత ప్రిఫెక్చర్ సూచించిన చోట పనిచేయాలి. పదిహేనేళ్ల మీద పరచుకున్న ఆలోచన అది. మూడేళ్ల గ్రాంటుతో మొదటి సంవత్సరం విద్యార్థి నాలుగో ఏడాదికి కూడా చేరడు.

నిర్వాహకులు:

ఫౌండేషన్ మొదలుపెట్టిన పని ప్రభుత్వ బాధ్యతగా మారిన సందర్భాలేమైనా ఉంటే, అది ఎలా జరిగిందో వివరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

పల్లెబడి:

నాకు తెలిసిన వాటిలో రెండు చెబుతాను. మహారాష్ట్రలోని గడ్చిరోలీలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నెలకొల్పిన సెర్చ్ సంస్థ, ఫౌండేషన్ల ఆర్థిక సహాయంతో నవజాత శిశువుల సంరక్షణ మీద పరిశోధన చేసింది. 39 గ్రామాలలో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, బాలింత ఇంటికే పంపి, బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి గమనించడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం వరకు నేర్పారు. పోల్చి చూడడానికి మరో 47 గ్రామాలను తీసుకున్నారు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల విధులలో చేర్చింది. ఇక్కడ గ్రాంటు ప్రధానంగా మనుషుల మీద, వారి శిక్షణ మీద ఖర్చయిందని గమనించాలి.

రెండోది 108 అంబులెన్స్. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఒక పారిశ్రామిక కుటుంబం దాతృత్వంతో మొదలైంది. క్రమంగా నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగాన్ని ప్రభుత్వం స్వీకరించింది. 2009 జనవరిలో ఆ కుటుంబం నడిపిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది. సంస్థ నిర్వహణ వేరొకరి చేతికి మారింది గానీ అంబులెన్సులు ఆగలేదు, ఎందుకంటే డ్రైవరు జీతం, డీజిలు అప్పటికే ప్రభుత్వ పద్దులో ఉన్నాయి. దాత కుప్పకూలినా సేవ నిలబడింది. ఒప్పందంలో ముందే రాసుకోవాలని నేనన్నది ఇందుకే.

గ్రామసేవిక:

ఈ చర్చలో అందరూ పేరు చెప్పి వదిలేసిన మనిషి గురించి నేను మాట్లాడదలచాను. గడ్చిరోలీ నమూనా ప్రభుత్వ కార్యక్రమమైంది, నిజమే. ఆ పని చేసే ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరుసార్లు వెళ్లాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. ప్రతిసారీ బిడ్డను చూసి, కార్డు నింపి, ప్రమాద సూచన ఉంటే ఆసుపత్రికి చేర్చాలి. ఇవన్నీ పూర్తిచేస్తే ఆమెకు నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. జీతం అనరు, ప్రోత్సాహకం అంటారు, ఎందుకంటే పథకం ఆమెను ఉద్యోగినిగా కాక గౌరవ స్వచ్ఛంద కార్యకర్తగా గుర్తించింది. పని ప్రభుత్వానికి బదిలీ అయింది, జీతం మాత్రం బదిలీ కాలేదు.

తప్పు ఒక్క ప్రభుత్వానిదే అని నేను అనడం లేదు. ప్రయోగ దశలో అనేక ఫౌండేషన్లు తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం అన్న మాటను గొప్పగా చెప్పుకుంటాయి. ఆ తక్కువ ఖర్చులో పెద్ద వాటా, పల్లెటూరి స్త్రీ తన శ్రమకు తగిన వేతనం తీసుకోకపోవడం వల్ల మిగిలినదే. తలసరి ఖర్చు ఇంతేనని నివేదికలో అచ్చయ్యాక, ఆర్థిక శాఖ అంతకు మించి ఇవ్వడానికి ఒప్పుకోదు. అలా ప్రయోగంలో తక్కువగా చూపిన జీతమే రాష్ట్రమంతటా స్థిరపడిపోతుంది. చేనుగట్టు గారు ఊరి మీద పడే రెండో పన్ను గురించి రాశారు. ఇది స్త్రీల మీద మాత్రమే పడే పన్ను.

కనుక పల్లెబడి గారి ప్రతిపాదనకు ఒక సవరణ కోరుతున్నాను. గడువు తరువాత జీతం ఎవరిస్తారన్నదే కాక, ఎంత ఇస్తారన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. అదే స్థాయి పనికి ప్రభుత్వం తన ఉద్యోగికి ఇచ్చే వేతనాన్ని గ్రాంటు బడ్జెట్‌లో మొదటి నెల నుంచే చూపాలి, అంతే చెల్లించాలి. దానివల్ల ఫౌండేషన్ పది ఊళ్లకు బదులు నాలుగు ఊళ్లలోనే పనిచేయగలిగితే నాలుగు ఊళ్లలోనే చేయనివ్వండి. అప్పుడు ప్రభుత్వం చేతికి వెళ్లే లెక్క నిజమైన లెక్క అవుతుంది.

లెక్కలపద్దు:

ఈ సవరణకు నా సమ్మతి తెలుపుతున్నాను, ఒక చేర్పుతో. ఆ వేతనం ఏ పద్దు కింద, ఏ ఆర్థిక సంవత్సరం నుంచి బదిలీ అవుతుందో సంబంధిత శాఖ లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం లేని చోట జీతాలకు గ్రాంటు ఇవ్వరాదన్న నా మొదటి అభ్యంతరం అలాగే ఉంటుంది.

గ్రామసేవిక:

ఆ కాగితం ఇవ్వడానికి శాఖ నిరాకరించిన ఊరిలో బాలింతలు ఉంటారు కదండీ. అక్కడ ఏం చేయాలన్నది మీరే చెప్పాలి.