కోల్‌కతా నేతాజీ భవన్‌కి నాన్నని తీసుకెళ్తున్నా, గంట సరిపోతుందా?

వచ్చే నెల పని మీద కోల్‌కతా వెళ్తున్నాను, నాన్న కూడా వస్తానంటున్నారు. ఆయనకి నేతాజీ అంటే ప్రాణం, ఎల్గిన్ రోడ్డులో ఆ ఇల్లు ఒక్కసారైనా చూడాలని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. మాకు దొరికేది ఒక్క సోమవారం పూట. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. గంటలో చూసి వచ్చేయొచ్చా, అసలు లోపల ఏముంటాయి?

జవాబు 1:
ముందు ఆ సోమవారం మార్చుకోండి, ఆ రోజు సెలవు. మేం తెలియక వెళ్లి గేటు దగ్గర నుంచే వెనక్కొచ్చాం, మా అత్తయ్య దారంతా మాట్లాడలేదు. మెట్రోలో నేతాజీ భవన్ పేరుతోనే స్టేషన్ ఉంది, అక్కడ దిగితే దగ్గరే. ఆయన గది మేడ మీద, నాన్నగారిని నిదానంగా ఎక్కించండి.

జవాబు 2:
గంట చాలదండీ, కనీసం రెండు పెట్టుకోండి. వాళ్ల నాన్నగారు జానకీనాథ్ బోస్ 1909లో కట్టించిన ఇల్లది. 1940 చివర్లో నేతాజీ జైల్లో నిరాహార దీక్ష చేస్తే బ్రిటిష్ వాళ్లు వదిలిపెట్టి, ఇంటి చుట్టూ నిఘా పెట్టారు. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక, ఇన్సూరెన్స్ ఏజెంట్ మహమ్మద్ జియావుద్దీన్ వేషంలో, అన్న కొడుకు శిశిర్ కారు నడుపుతుంటే అక్కణ్ణుంచే బయటపడ్డారు, మర్నాడు రాత్రి గోమోలో కాల్కా మెయిల్ ఎక్కారు. ఆ రాత్రి నడిచిన దారి పొడవునా నేల మీద అడుగుల గుర్తులు వేసి ఉంచారు. బీఎల్ఏ 7169 నంబరు జర్మన్ వాండరర్ కారు కూడా అక్కడే ఉంది.

నాకైతే గదే ఎక్కువ గుర్తుండిపోయింది. ఏకాంతంలో ఉన్నాను, ఎవరూ లోపలికి రావద్దని ముందే చెప్పించారట. ఆయన వెళ్లిపోయాక కూడా తెర వెనక్కి భోజనం వెళ్తూనే ఉండేది, అనుమానం రాకుండా ఇంట్లో పిల్లలు తినేవారు. పదిరోజుల దాకా బయటి ప్రపంచానికి తెలియలేదు. ఆ మంచం ముందు నిలబడి ఇదంతా తలుచుకుంటే కాళ్లు కదలవు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, తిరుగు టికెట్ మార్చి మంగళవారం ఉంటున్నాం. భోజనం సంగతి నాన్నకి చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ కారు నడిపిన రాత్రికి శిశిర్‌కి ఇంకా 21 నిండలేదురా అన్నారు.