దాణా పెంచితే వెన్న పడిపోయింది, ఆవు కాళ్లు సరిగా ఆనించడం లేదు – మేతలో తప్పెక్కడుంది?

పాడిగాడి (ప్రశ్న):
సంకరజాతి ఆవు, బరువు సుమారు 400 కిలోలు, ఈని రెండున్నర నెలలు. రోజుకు 14 లీటర్ల పాలు. పాలు పెరుగుతాయని నెలన్నర క్రితం నాలుగు రోజుల్లోనే దాణాను 4 కిలోల నుంచి 9 కిలోలకు పెంచాం. రెండు పూటలా పాలు తీసేటప్పుడు చెరిసగం పెడుతున్నాం. దాణాలో దాదాపు సగం పిండిలా ఆడించిన మొక్కజొన్నే. పచ్చిమేత 10 కిలోలు, చాఫ్ కట్టర్‌లో బాగా సన్నగా కొట్టి వేస్తున్నాం. ఎండుగడ్డి 2 కిలోలు.

మొదటి వారం ఒక లీటరు పెరిగి మళ్లీ తగ్గింది. వెన్న 4.1 శాతం నుంచి 2.9కి దిగింది. పేడ పలచగా, బుడగలతో పడుతోంది. ఇప్పుడు వెనక కాళ్లు మార్చి మార్చి ఆనిస్తోంది, పడుకుంటే లేవడానికి జంకుతోంది. కాల్షియం తక్కువైందని, సీసా ఎక్కించమని ఒకరన్నారు. ఇది మేత వల్లేనా?

నెమరు (జవాబు):
మేత వల్లేనండి, మీ లెక్కలోనే కనిపిస్తోంది. తడి తీసేసి చూడండి. 9 కిలోల దాణాలో ఎండు పదార్థం 8 కిలోల పైచిలుకు. 10 కిలోల పచ్చిమేతలో 2 కిలోలే, మిగతాది నీరు. ఎండుగడ్డిలో 1.8. మొత్తం 12 కిలోల్లో మూడింట రెండొంతులు దాణాయే అయింది. గడ్డి జాతి మేత కనీసం 40 శాతం ఉండాలి, సగం దాటితే నిశ్చింత.

పిండిపదార్థం పెద్దపొట్టలో (ఆవు మేత మొదట చేరి పులిసే అరలో) చాలా వేగంగా పులిసి ఆమ్లాలవుతుంది. వాటిని విరిచేది లాలాజలంలోని సోడా. ఆవు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది, అయితే అది బాగా ఊరాలంటే నమలాలి, నెమరు వేయాలి. సన్నగా కొట్టిన మేతకు ఆ పని ఉండదు. అంటే ఒకవైపు ఆమ్లం పెంచి, మరోవైపు దాని విరుగుడును తగ్గించారు. పెద్దపొట్ట పీహెచ్ (పులుపు కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 కంటే దిగితే పీచును అరిగించే సూక్ష్మజీవులు మందగిస్తాయి, వెన్న పడడానికి అదొక కారణం. 5.5 కంటే దిగి రోజూ గంటల తరబడి అక్కడే ఉంటే పొట్ట గోడ దెబ్బతింటుంది. అక్కడ పుట్టే విషాలు రక్తంలోకి చేరి గిట్టల లోపలి పొరకు వాపు తెస్తాయి. ఆ దెబ్బతిన్న గోడ గుండా సూక్ష్మజీవులు దాటితే కాలేయంలో చీముగడ్డలు కడతాయి.

నాలుగు రోజుల్లో పెంచడం మరో తప్పు. సూక్ష్మజీవులు కొత్త మేతకు సర్దుకోవడానికి రెండు వారాలు పడుతుంది, పొట్ట గోడకు నాలుగు నుంచి ఆరు వారాలు.

గిట్టచూపు (జవాబు):
కాల్షియం సంగతి ముందు తేల్చుకోవాలి. కాల్షియం తగ్గితే వచ్చే పాలజ్వరం సాధారణంగా ఈనిన మూడు రోజుల్లోపు వస్తుంది. చెవులు చల్లబడతాయి, ఆవు మెడ పక్కకు తిప్పి కూలబడుతుంది. రెండున్నర నెలల తర్వాత కాళ్లు మార్చి ఆనిస్తుంటే ముందు అనుమానించాల్సింది గిట్ట నొప్పిని. అవసరం లేకుండా నరంలోకి కాల్షియం ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. దయచేసి ఆ పని చేయొద్దు. డాక్టరు చేత గిట్టలు ఎత్తించి, అరికాలు కొద్దిగా చెక్కించి చూడండి, నొప్పి తగ్గే మందు కూడా ఆయన్నే అడగండి. ఆవు నొప్పిని బయటికి చూపదు. కుంటడం మనకు తెలిసేసరికే చాలా రోజులు ఓర్చుకుని ఉంటుంది.

ఒక విషయం చాలామంది గమనించరు. గిట్ట అరికాలు నెలకు సుమారు 5 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఈరోజు లోపల కమిలిన చోటు ఎర్రటి మచ్చగా పైకి తేలడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. మేత ఇవాళే దిద్దినా వచ్చే నెలలో కుంటు పెరిగినట్టు అనిపించవచ్చు. అది పాత దెబ్బే. మార్పు పనిచేయలేదని మళ్లీ దాణా పెంచకండి. ఈలోగా గట్టి నేల మీద నిలబెట్టొద్దు, మెత్తటి పరుపు వేయండి. రోజుకు 12 గంటలైనా పడుకోగలగాలి.

పాడిగాడి:
సరే, సీసా మానేస్తాం. దాణా ఎంతకు తగ్గించాలి? తినే సోడా వేస్తే చాలదా?

నెమరు:
సోడా తోడుగానే పనికొస్తుంది, గడ్డి లోటును పూడ్చదు. రోజుకు 120 గ్రాములు దాణాలో కలిపి, రెండు మూడు పూటలకు పంచండి.

దాణా 6 కిలోలకు దించండి, మూడు పూటలా 2 కిలోల చొప్పున. తగ్గించడానికి వారాలు ఆగనక్కర్లేదు, పెంచేటప్పుడే నిదానం. పచ్చిమేత 20 కిలోలు, ఎండుగడ్డి 3 కిలోలు. ఎండు పదార్థం మళ్లీ 12 కిలోలే వస్తుంది, దాణా వాటా మాత్రం 45 శాతానికి దిగుతుంది. పొద్దున గడ్డి తిన్నాకే దాణా. మొక్కజొన్న పిండిలా కాక రవ్వగా ఆడించండి. మేత ముక్క 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉండాలి. మరీ పొడవైతే గాడిలో ఏరుకుని దాణా మాత్రమే తింటుంది.

గిట్టచూపు:
మార్పు పనిచేస్తోందా లేదా అన్నది పేడ చెబుతుంది. లీటరు పేడను జల్లెడలో వేసి నీళ్లు తేరేదాకా కడగండి. గింజలు, సెంటీమీటరున్నర దాటిన పీచు మిగిలితే అరుగుదల బాగోలేదు. జిగురు పొరలు కనబడితే పేగుల్లో కూడా పులుపు చేరింది. మేత తిన్న రెండు గంటలకు తీరిగ్గా పడుకున్నప్పుడు నెమరు లెక్కపెట్టండి. ముద్దకు 50 నుంచి 60 నమలడాలు ఉండాలి. నలభైలోనే మింగేస్తుంటే పీచు చాలలేదు. ఊరికే నాలుక తిప్పుతూ, గోడలు నాకుతూ ఉంటే దాన్ని కూడా వదిలేయకండి. కడుపులోకి పోషకాలు చేరినా నోటికి గడ్డి నమిలే పని దొరకని పశువు అలా చేస్తుంది. ఉప్పు, ఖనిజాల లోటు కూడా చూసుకోవాలి. ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు వేయండి.

వెన్న మాత్రం త్వరగానే తేరుకుంటుంది, రెండు మూడు వారాలు చూడండి. ఈలోగా ఎప్పుడైనా మేత పూర్తిగా మానేసి, పేడ పుల్లటి వాసనతో నీళ్లలా పారుతూ, తూలుతూ, కళ్లు లోపలికి పోతే అది తీవ్రమైన ఆమ్లవిషం. గంటల్లో ప్రాణం పోవచ్చు. దాణా తీసేసి వెంటనే డాక్టర్ని పిలవండి. కూలబడిన ఆవుకు గొట్టంతో నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.