ఇంటి ఓనరమ్మకు పాత నర్సు క్యాప్ కానుకగా ఇవ్వాలి, ఎక్కడ దొరుకుతుంది?

ఫిలడెల్ఫియా, కొత్త విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను. వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడకు 80 దాటాయి, రిటైర్డ్ నర్సు. వచ్చిన కొత్తలో నాకు జ్వరం వస్తే మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి సూప్ తెచ్చిచ్చారు. ఎప్పుడో బేస్‌మెంట్‌లో నీళ్లొచ్చి ఆవిడ నర్సు క్యాప్ పాడైపోయిందట, ఆ సంగతి తరచూ తలుచుకుంటారు. వచ్చే నెల పుట్టినరోజు. ఆన్‌లైన్‌లో ముందు ఎర్ర క్రాస్ ఉన్న తెల్ల క్యాప్ చవగ్గా దొరుకుతోంది. అది సరిపోతుందా?

డెలావేర్, ఆర్‌ఎన్ అక్క:
తమ్ముడూ, నేనూ ఇక్కడ ఆర్‌ఎన్‌నే, అంటే రిజిస్టర్డ్ నర్సుని. అది మాత్రం కొనకు. హాలోవీన్ వేషాలకి అమ్మేది అది. ఎర్ర క్రాస్ గుర్తు ఈ దేశ చట్టం ప్రకారం రెడ్‌క్రాస్ సంస్థది. మామూలు ఆసుపత్రి నర్సులు పెట్టుకున్నది తాము చదివిన స్కూలు క్యాప్. జీవితమంతా వార్డుల్లో పనిచేసిన మనిషికి ఆ బొమ్మ క్యాప్ ఇస్తే నీ మనసు చూసి నవ్వుతారు గానీ, తర్వాత అది సొరుగులోకి పోతుంది.

ముందు ఆవిడ ఏ స్కూల్లో చదివారో కనుక్కో. అది తెలియకుండా వెతకడం మొదలుపెట్టకు. ఇక్కడ ఒకప్పుడు ప్రతి ఆసుపత్రి స్కూలుకీ సొంత క్యాప్ ఉండేది. బాల్టిమోర్‌లో మేరీలాండ్ యూనివర్సిటీ స్కూలు వాళ్లది లేసు కుచ్చుల క్యాప్, ముద్దుగా ‘ఫ్లాసీ’ అంటారు. ఆ స్కూలు 1889లో మొదలైంది, తొలి సూపరింటెండెంట్ లూయిసా పార్సన్స్ నైటింగేల్ శిష్యురాలు. మీ ఊరి ఫిలడెల్ఫియా జనరల్ ఆసుపత్రి స్కూలు వాళ్లది ‘డబుల్ ఫ్రిల్’, అంటే రెండు వరసల కుచ్చు. తల మీద క్యాప్ చూసి ఎక్కడ చదివారో చెప్పేసేవాళ్లు. పైగా చేరగానే చేతికి ఇచ్చేది కాదు. మొదటి కొన్ని నెలల పరీక్షాకాలంలో నిలబడితేనే క్యాపింగ్ వేడుక. మన దగ్గర నర్సింగ్ కాలేజీల్లో ల్యాంప్ లైటింగ్ చూసే ఉంటావు, అంత పెద్ద రోజు అది. వేరే స్కూలు క్యాప్ ఇవ్వడమంటే వేరేవాళ్ల ఇంటిపేరుతో శుభలేఖ ఇచ్చినట్టే.

సర్‌ప్రైజ్ పోతుందని టెన్షన్ పడకు. ‘మీ క్యాపింగ్ ఎలా జరిగింది?’ అని అడుగు చాలు, మిగతాది ఆవిడే చెబుతారు. పాత ఫోటో కనిపిస్తే అడిగి ఫోన్‌లో తీసుకో.

ఫిలడెల్ఫియా, కొత్త విద్యార్థి:
అడిగాను అక్కా. భోజనం చల్లారిపోయింది కానీ కబుర్లు ఆగలేదు! ఫిలడెల్ఫియా జనరల్ హాస్పిటలే, 1964 బ్యాచ్. ఫోటోలో కుచ్చులు రెండు వరసలుగా కనిపిస్తున్నాయి. కానీ మ్యాప్‌లో ఆ ఆసుపత్రే లేదు?

డెలావేర్, ఆర్‌ఎన్ అక్క:
1977లో మూసేశారు. అది పేదల కోసం నగరం నడిపిన ఆసుపత్రి. స్కూలుని 1885లో పెట్టింది ఆలిస్ ఫిషర్, ఆవిడ కూడా ఇంగ్లండ్‌లో నైటింగేల్ స్కూల్లో చదివి వచ్చినావిడే. ఆ స్థలం మీ యూనివర్సిటీ సిటీ అనే ప్రాంతంలోనే ఉంది, ఇప్పుడక్కడ వేరే ఆసుపత్రుల భవనాలు. స్కూలే లేదు కాబట్టి కొత్త క్యాప్ ఇచ్చేవాళ్లు ఉండరు. నీకున్న దారి పూర్వ విద్యార్థులు. ఆవిడ క్లాస్‌మేట్స్ ఎవరితోనైనా ఇంకా మాట్లాడుతుంటే, కూతురో కొడుకో ఉంటే వాళ్ల ద్వారా నంబరు సంపాదించు. ఆ వయసు వాళ్ల అల్మరాల్లో రెండో క్యాప్ పడి ఉండే అవకాశం ఎక్కువ.

పెన్ (యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా) నర్సింగ్ స్కూల్లో బార్బరా బేట్స్ సెంటర్ అని నర్సింగ్ చరిత్ర ఆర్కైవ్ ఉంది. ఫిలడెల్ఫియా జనరల్ కాగితాలు అక్కడున్నాయి. వాళ్లు క్యాప్ ఇవ్వరు, కానీ మెయిల్ రాసి వెళితే పాత ఫోటోలు చూసి ఆకారం సరిపోల్చుకోవచ్చు. ఈబేలో, ఎట్సీలో స్కూలు పేరుతో అలర్ట్ పెట్టుకో. చాలామంది అమ్మేవాళ్లకి అది ఏ స్కూలుదో తెలియదు, వట్టి ‘వింటేజ్ నర్స్ క్యాప్’ అని పెడతారు, కాబట్టి బొమ్మలు చూడాలి.

ఎడిసన్, చీరాల బాబాయ్:
దొరక్కపోతే కుట్టొచ్చు బాబూ. మాది టైలరింగ్ కుటుంబం కాబట్టి చెబుతున్నా. జోయాన్ గుడ్డల షాపులన్నీ 2025లో మూతపడ్డాయి, ఇంటర్నెట్‌లో పాత సలహాలు చదివి వాటి కోసం తిరగకు. హాబీ లాబీ క్రాఫ్ట్ షాపులో చూడు, లేదా ఆన్‌లైన్‌లో నూరు శాతం కాటన్ ఆర్గండీ (పల్చటి బిర్రు గుడ్డ) తెప్పించు. పాలియెస్టర్ వద్దు, గంజి పట్టదు. ఫోటో చూసి ముందు కాగితంతో చేసి తలకి కొలత చూసుకో. కుచ్చుకి అంచు పొడవుకి రెండింతలకు పైగా పట్టీ తీసుకుని, కచ్చా కుట్టు వేసి దారం లాగి, కుచ్చులు సమంగా సర్దాకే మెషీన్ కుట్టు వెయ్యి. నిజం చెప్పాలంటే రెండు వరసల ఫ్రిల్ కొత్తవాళ్ల పని కాదు. మా ఆవిడ కుడుతుంది, ఫోటో, కొలతలు నాకు మెసేజ్ పెట్టు. గుడ్డ ఖర్చు ఇస్తే చాలు.

పిట్స్‌బర్గ్, పిన్ని:
పాతది దొరికితే పచ్చబడి, మడతలు విప్పి అట్టలా చదునుగా ఉండొచ్చు. కంగారుపడి వద్దనకు. చాలా క్యాప్‌లు ఉతకడానికి వీలుగా విప్పదీసేలాగే చేసేవాళ్లు, వెనకాల బొత్తాంతో మళ్లీ నిలబెడతారు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ముందు పాత గంజి వదిలించు. తర్వాత ఆక్సీక్లీన్ లాంటి ఆక్సిజన్ బ్లీచ్ వాడు, క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దు. కాటన్ చీరకి పెట్టేదానికంటే చిక్కటి గంజి పెట్టాలి. ఇక్కడ బియ్యం గంజి వార్చే ఓపిక లేకపోతే కార్న్‌స్టార్చ్ కాచు.

మా ఆసుపత్రిలో పాతకాలం నర్సులు చెప్పిన చిట్కా: గంజిలో ముంచిన చదును క్యాప్‌ని తడితడిగా ఫ్రిజ్ తలుపుకి అతికించి, వేళ్లతో గాలిబుడగలు లేకుండా నిమిరి వదిలేస్తే ఇస్త్రీ అక్కర్లేకుండా గట్టిగా ఊడివస్తుంది. ఫ్రిల్‌కి అది కుదరదు, చెమ్మగా ఉండగానే ఒక్కో మడతా పెన్సిల్‌తో విప్పుకోవాలి. నల్ల వెల్వెట్ పట్టీ ఉంటే ఉతకడానికి ముందే తీసెయ్యి, రంగు దిగుతుంది. ఆ పట్టీని వాళ్లు ఆసుపత్రిలో వాడే, నీళ్లలో కరిగే కేవై జెల్లీతో అతికించేవాళ్లట, మరక పడదని!

ఫిలడెల్ఫియా, కొత్త విద్యార్థి:
అందరికీ చాలా థ్యాంక్స్. బాబాయ్ గారూ, ఫోటో పంపాను. పుట్టినరోజులోపు అసలైనది దొరక్కపోతే మీ ఇంట్లో పిన్నిగారు కుట్టిందే ఇస్తాను. ఫ్రేమ్ కట్టించమంటారా?

డెలావేర్, ఆర్‌ఎన్ అక్క:
కట్టించు, కానీ లోతున్న షాడో బాక్స్ తీసుకో, మామూలు ఫ్రేమ్‌లో ఫ్రిల్ అణిగిపోతుంది. లోపల యాసిడ్ లేని టిష్యూ కాగితం కూరు. జిగురుతో మాత్రం అతికించకు, తలుపు తెరిచి బయటికి తీసేలా ఉండాలి. ఆవిడ అద్దం ముందు పెట్టుకుని చూసుకోకుండా ఉంటారా? పక్కనే ఒక చిన్న ప్యాకెట్ తెల్ల బాబీ పిన్నులు కూడా పెట్టు, జుట్టుకి గుచ్చాలంటే అవి కావాలి. కుట్టించిందైతే కార్డులో ఆ మాట రాయి, అసలుదని చెప్పకు. నర్సుకి మొదటి చూపులోనే తెలిసిపోతుంది.