గెలుపోటములు లేని ఉత్తుత్తి ఆటలను ఫోనులో ఆడనివ్వవచ్చునా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):

మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండాయి. ఇంట్లో మేము తెలుగు మాట్లాడుతాము, అంగన్‌వాడీలో దీదీ ఒడియా మాట్లాడుతుంది. పండుగకు పాతపట్నం నుంచి వచ్చిన మా ఆడపడుచు తన ట్యాబ్‌లో టోకా బోకా వరల్డ్ అనే ఆటను చూపించింది మొదలు, పిల్ల రోజూ అదే అడుగుతున్నది. అందులో మార్కులు లేవు, గడియారం లేదు, ఒక మెట్టు దాటి మరొక మెట్టు ఎక్కడమూ లేదు. బొమ్మ మనుషులను ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఆసుపత్రికి నడిపించడం, బట్టలు మార్చడం, వండి పెట్టడం, అంతే. నిన్న అరగంటసేపు ఒకే వంటగదిలో ఒకే గిన్నెను పొయ్యి మీద పెడుతూ దింపుతూ కూర్చుంది. అక్షరాల ఆట అయితే కనీసం అ, ఆ లయినా వస్తాయి కదా అని మా వారి వాదన. ఇటువంటి ఆట వలన పిల్లకు ఒరిగేది ఏమైనా ఉన్నదా? తెలియకుండా డబ్బు పోయే ప్రమాదం ఉన్నదా?

జవాబు 1 (బరంపురం నుంచి):

ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నాను. ఇటువంటి ఆటలు చాలావరకు ఉచితంగానే దిగుతాయి. మీరు చెప్పినది కూడా, 2018లో టోకా లైఫ్ వరల్డ్ అన్న పేరుతో వచ్చినప్పటి నుంచి, కొన్ని చోట్లను ఉచితంగా ఇచ్చి మిగిలిన ఇళ్ళను, అంగళ్ళను విడిగా అమ్ముతున్నది. మా వాడు మరొక ఆటలో (పేరు అనవసరం) మెరిసే బొమ్మను నొక్కుకుంటూ పోయి, ఫోనులో దాచి ఉంచిన కార్డు మీద మూడు కొనుగోళ్ళు చేసేశాడు. ఆ తరువాత ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేటట్లు మార్చాను, కార్డు వివరాలను తీసివేశాను. ఆట ఇచ్చేటప్పుడు విమానం గుర్తు నొక్కి నెట్ ఆపేస్తాను. నెట్ లేనిదే కొనుగోలు జరగదు. ఆండ్రాయిడ్‌లో ఒక్క యాప్‌ను మాత్రమే తెర మీద బిగించి ఉంచే సదుపాయం కూడా ఉన్నది, దాని వలన పిల్లలు వీడియోలలోకి జారిపోరు. ఇక సమయం విషయానికి వస్తే, మూడు, నాలుగేళ్ళ వయసు పిల్లలు తెర ముందు కూర్చొనేది రోజుకు గంట దాటకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో అరగంటే.

జవాబు 2 (రాయగడ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయిని):

అమ్మా, గిన్నెను పెడుతూ దింపుతూ కూర్చోవడాన్ని మీరు తప్పుగా లెక్కపెట్టుకొన్నారు. మన ఇళ్ళలో గుజ్జనగూళ్ళు వండుకొన్న పిల్లలు, ఏటికొప్పాక లక్కపిడతలతో అత్తగారికి అన్నం పెట్టిన పిల్లలు చేసినదీ అదే. కర్రపుల్ల మీద ఎక్కి గుర్రమని పరుగెత్తే పిల్లవాడు, వస్తువును దాని అర్థం నుంచి విడదీసి ఆలోచించడం అక్కడే మొదలు పెడుతున్నాడని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో వివరించాడు. పలక మీది గీతను “అ” అని చదవాలన్నా ఆ శక్తే కావాలి కనుక, మీ వారు కోరుకొన్న అక్షరాలకు దారి ఈ ఆటలోనుంచే పోతుంది.

మీ ఊరివంటి రెండు భాషల ఊళ్ళలో ఈ ఆటకు మరొక గుణం ఉన్నది. ఆ బొమ్మలు ఏ భాషా మాట్లాడవు, అర్థం లేని కూతలు మాత్రమే కూస్తాయి. మాటలు మీ పాపే పెట్టాలి. అక్షరాల యాప్‌లో ఫోను మాట్లాడితే పిల్ల వింటుంది, ఇక్కడ పిల్ల మాట్లాడుతుంది. కాబట్టి పక్కన కూర్చొని, సలహాలు ఇవ్వకుండా, ఏ బొమ్మ చేత ఏమి పలికిస్తున్నదో వినండి. “ఇది ఏ రంగు?” అని పరీక్ష పెట్టారో, ఆట అక్కడితో ముగిసినట్లే.

జవాబు 3 (సిరొంచ నుంచి):

టీచరమ్మ గారి మాటను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. ప్రాణహిత ఒడ్డు ఇసుకలో మా పిల్లలు ఇల్లు కట్టుకొంటే గోడ కూలుతుంది, నీళ్ళు ఒలికిపోతాయి, ఆకుల విస్తరి గాలికి ఎగిరిపోతుంది. తెర మీది అన్నానికి బరువూ లేదు, వాసనా లేదు. అంతకన్నా ముఖ్యమైనది జగడం. “నేను అమ్మను, నువ్వు పాపవు” అని ఒకరంటే, “నిన్న కూడా నేనే పాపను” అని మరొకరు ఏడుస్తారు, ఆ పేచీ తీర్చుకోవడంలోనే సగం ఆట ఉన్నది. ఒక్క పిల్ల చేతిలోని ఫోనులో బొమ్మలన్నీ చెప్పినట్లు వింటాయి. పూర్తిగా మానిపించమని నేను చెప్పను, పక్కింటి పిల్లను కూడా పిలిచి ఇద్దరినీ ఒకే తెర ముందు కూర్చోబెట్టండి. తెర ఆపిన తరువాత నాలుగు నిజమైన గిన్నెలు, ఒక పాత తువ్వాలు చేతికి ఇచ్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కార్డు వివరాలు రాత్రే తీసివేశాను. ఈ రోజు పక్కింటి పాపను పిలిచి, నేను కూరగాయలు తరుగుతున్నట్లు నటిస్తూ విన్నాను. మొదటి పది నిమిషాలు ట్యాబ్ ఎవరు పట్టుకోవాలన్న తగువుతోనే గడిచాయి. తరువాత అమ్మ బొమ్మ తెలుగులో కసిరింది, డాక్టరు బొమ్మ “బస, బస” అని ఒడియాలో కూర్చోబెట్టింది. అంగడి బొమ్మ మాత్రం రెండు భాషలూ కలిపి బేరమాడింది, అచ్చం మా వీధి చివరి కొట్టాయన లాగానే.