అమ్మాయికి అమెరికాకు రెండు పెద్ద పెట్టెలు, మా ఆయనకు నెలనెలా తిరగడానికి ఒక చిన్నది: ఏవి కొంటే ఆగుతాయి?

సుబేదారి_అమ్మ:
మా పెద్దమ్మాయి ఈ ఆగస్టులో ఎంఎస్ చదవడానికి డాలస్ వెళ్తోంది. టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు, చేతిలో 7 కిలోల బ్యాగు ఒకటి అని ఉంది. మళ్లీ ఎప్పుడొస్తుందో, రెండేళ్లకో మూడేళ్లకో. మా ఆయనది వేరే సంగతి, కంపెనీ పని మీద నెలకు రెండుసార్లు ఢిల్లీకో ముంబైకో పోయి రెండు మూడు రోజులుండి వస్తారు, ఆయన బ్యాగు హ్యాండిల్ ఏడాదిన్నరకే ఇరుక్కుపోయింది, పైకి రాదు, లోపలికి పోదు.

ఇంత అడగడానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట అత్తమ్మను సింగపూర్‌లో మరిది దగ్గరకు పంపేటప్పుడు ఆన్‌లైన్ ఆఫర్‌లో మూడు పెట్టెల సెట్టు కొన్నాం. తళతళా మెరిసే గట్టి పెట్టెలు. తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లో బెల్టు మీద పెద్ద పెట్టె వచ్చేసరికి ఒక మూల పగిలి, చక్రం లోపలికి దిగిపోయి, అందులోంచి ఆమె చీర బయటికి వేలాడుతోంది. అంతమంది ముందు ఆమె ఎంత చిన్నబుచ్చుకుందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కంపెనీకి ఫోన్ చేస్తే విమానంలో దెబ్బతింటే వారంటీ రాదన్నారు. మిగతా రెండు సజ్జ మీద పెట్టి, అమ్మాయికి పనికొస్తాయేమో అని పోయిన నెల దించితే చక్రాల మీది రబ్బరు చేతికి పిండిలా రాలింది. ఒక్కసారి కూడా వాడనివి! అసలు వాడని పెట్టె ఎట్లా పాడవుతుంది?

గట్టి పెట్టె మంచిదా, గుడ్డ పెట్టె మంచిదా? ఒక్కోదానికి పది వేలు పెట్టాలా? అందరికీ ఒకే కంపెనీవి తీసుకోవచ్చా? కొంచెం వివరంగా చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

స్టేషన్‌రోడ్_రిపేరు:
అక్కా, వరంగల్‌లో బ్యాగుల రిపేరు మా నాన్న కాలం నుంచి మాదే పని, కాబట్టి ఏది ఎట్లా విరుగుతుందో చెప్పగలను.

ముందు మీ సజ్జ మీది పెట్టెల సంగతి. చక్రానికి పైన చుట్టూ ఉండే మెత్తటి పొర చాలావాటిలో పాలీయూరిథేన్, మనం రబ్బరు అంటాం గానీ రబ్బరు కాదు. అది గాలిలోని తేమను పీల్చుకుని లోపల్లోపలే విడిపోతుంది, వాడినా వాడకపోయినా. పైకప్పు కింద సజ్జ మీద ఎండాకాలం వేడి, వానాకాలం తేమ రెండూ తగులుతాయి కదా, ఇంకా తొందరగా పోతుంది. అందుకే నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: నెలనెలా తిరిగేవాళ్ల పెట్టె దారిలో అరుగుతుంది, ఎప్పుడో ఒకసారి పోయేవాళ్ల పెట్టె ఇంట్లోనే పాడవుతుంది. రెండు రోగాలు వేరు కాబట్టి ఇద్దరికీ ఒకే రకం కొనడం దండగ.

మా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ చక్రాలే, తర్వాత లాగే హ్యాండిల్, ఆ తర్వాత జిప్పు రన్నర్. ఒళ్లు పగిలి వచ్చేవి తక్కువ, వచ్చినవి మాత్రం దాదాపు ఏబీఎస్ ప్లాస్టిక్‌వే. మీ సెట్టు కూడా అదే అయ్యుంటుంది. ఏబీఎస్ గట్టిగా, మెరుస్తూ, చౌకగా ఉంటుంది కానీ మూల మీద దెబ్బ పడితే వంగదు, పగులుతుంది. పాలీకార్బొనేట్ అయితే వంగి మళ్లీ లేస్తుంది, ఇరవై లీటర్ల గట్టి నీళ్ల క్యాన్లు చేసేది దాంతోనే, అవి ఎన్నిసార్లు లారీలోంచి కింద పడతాయో చూసే ఉంటారు. పాలీప్రొపిలీన్ ఇంకా తేలిక, ఫంక్షన్ హాళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీల రకం, మెరుపు ఉండదు, గీతలు పడతాయి, కానీ తొందరగా పగలదు. లోపలి లేబుల్ మీద ఏబీఎస్, పీసీ రెండూ రాసి ఉంటే కలిపి చేసింది, బలమూ మధ్యరకమే. పేరు ఏమున్నా మూత మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి, లోపలికి పోయి టప్పున పైకి రావాలి. రాయిలా కదలకుండా ఉందంటే సంతోషపడకండి.

షాపులో ఖాళీ పెట్టె ఏదైనా మంచిగానే ఉరుకుతుంది. అక్కడే ఉన్న చిన్న పెట్టెలు నాలుగు దాంట్లో కుక్కి, హ్యాండిల్ మొత్తం పైకి లాగి, పక్కలకు ఊపి చూడండి. గొట్టాలు గలగలా కొట్టుకుంటే అది రెండో ఏడాదికి మా దగ్గరకు వస్తుంది. పెట్టెను తిరగేసి చక్రం దగ్గర స్క్రూలు ఉన్నాయా రివెట్లు ఉన్నాయా చూడండి. స్క్రూ ఉంటే పావుగంటలో మార్చేస్తాం, రివెట్ అయితే డ్రిల్లుతో తీయాలి, ఒక్కోసారి ఒళ్లు కూడా పగులుతుంది. లోపలి గుడ్డకు జిప్పు ఉండటం కూడా చూసుకోండి, దాంట్లోంచే మేం హ్యాండిల్ స్క్రూలు అందుకునేది. లేకపోతే గుడ్డ కోసి మళ్లీ అంటించాలి.

నయీంనగర్_నుంచి_వారంవారం:
పైన అన్న చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తీసేసేది లేదు. నేను ఆరేళ్లుగా దాదాపు ప్రతి వారం బెంగళూరు పోయొస్తున్నాను, అక్కా, కాబట్టి మీవారి బ్యాగు గురించి మాత్రం చెప్తాను.

పెట్టెలకు అనుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఆయన చిన్న బ్యాగు మీద పెట్టండి, అమ్మాయి పెద్ద పెట్టెల మీద కాదు. చాలామంది తిరగేసి చేస్తారు, పెద్ద పెట్టె కాబట్టి పెద్ద ధర అని. ఏడాదికి 24 ప్రయాణాలు, అంటే రానూపోనూ 48 విమానాలు, అంతకుముందు హనుమకొండ బస్టాండు, కాజీపేట మెట్లు, ఉప్పల్‌లో దిగి మారడం. ఇక్కడి నుంచి శంషాబాద్ చేరేలోపే చక్రాలు సగం పని చేస్తాయి. అందుకే నేను నాలుగు చక్రాలది వదిలేసి రెండు చక్రాలదానికి వచ్చాను. నాలుగు చక్రాలది ఎయిర్‌పోర్టు నున్నటి నేల మీద పక్కన నడిపించుకోవడానికి బాగుంటుంది, నిజమే, కానీ ఆ చక్రాలు ఒళ్లు దాటి బయటికి పొడుచుకుని ఉంటాయి, దెబ్బ ముందు వాటికే తగులుతుంది. రెండు చక్రాలవి సగం ఒంట్లోకి దిగి ఉంటాయి, పెద్దవి కూడా, గుంతల రోడ్డు మీద లాగినా ఇరుక్కోవు. పైగా బస్సులో నిలబెడితే దానంతటది ఉరకదు.

గుడ్డలో నైలాన్ అడగండి, మామూలు పాలిస్టర్ కంటే ధర ఎక్కువే కానీ అంచులు అరగడానికి చాలా కాలం పడుతుంది. బాలిస్టిక్ నైలాన్ అని ఒకటుంది, రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు సైనికుల రక్షణ కోట్ల కోసం డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన నేత, లేబుల్ మీద నైలాన్ అని, 1680 డెనియర్ (దారం మందం లెక్క) అని రెండూ రాసి ఉంటే సాధారణంగా అదే. దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. కొలత 55, 35, 25 సెంటీమీటర్లు దాటకుండా, చక్రాలతో కలిపి. బరువు కూడా ముఖ్యం, చేతి బ్యాగుకు ఏడు కిలోలే కదా, ఖాళీ బ్యాగే మూడు కిలోలుంటే ఇక ల్యాప్‌టాప్, ఛార్జర్ పెట్టాక బట్టలకు ఏం మిగులుతుంది? రెండు, రెండుంపావు లోపు చూడండి.

ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో పైన అరలు చిన్నవి, మెట్ల దగ్గరే బ్యాగు తీసుకుని కింద వేస్తారు. అట్లా ఇచ్చేటప్పుడు పవర్ బ్యాంకు తప్పనిసరిగా బయటికి తీసుకోవాలి, అది కింద సామానులో ఉండకూడదు.

జగిత్యాల_దుబాయ్:
చెల్లెమ్మా, నేను పదకొండేళ్లు దుబాయ్‌లో చేసి వచ్చినవాణ్ణి. నా దగ్గర ఒకే గుడ్డ పెట్టె, రన్నర్ మూడుసార్లు మార్పించిన, చక్రాలు ఒకసారి, ఇప్పటికీ మా తమ్ముడు దాంతోనే పోయొస్తున్నాడు. మెత్తటిది అంటే నాసిరకం అనుకోకండి. అమ్మాయి పెట్టెలు గుడ్డవే తీసుకుంటే ఒకటిన్నర కిలో దాకా కలిసొస్తుంది, రెండు పెట్టెలకు చూసుకుంటే మూడు కిలోల బియ్యపు పిండి, కారం, పసుపు అదనంగా పోతాయి. కాకపోతే సకినాలు గుడ్డ పెట్టెలో పొడి అవుతాయి, వాటిని స్టీలు డబ్బాలో పెట్టి చుట్టూ బట్టలు కుక్కండి. తొక్కు సీసాలో వద్దు, రెండు మూడు కవర్లు వేసి సీల్ చేయించి, దాన్ని మళ్లీ మూత డబ్బాలో. నూనె కారితే ఏ కంపెనీ పెట్టె అయినా ఆ వాసన పోదు. ఎండు కొబ్బరి కుడుకలు మాత్రం పెట్టకండి, నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువుల కింద లెక్క, బయటికి తీసేయిస్తారు. మాంసం పచ్చళ్లు అమెరికాలో ఆపేస్తారు.

తాళ్లతో కట్టడం, దుప్పటి చుట్టి గుండ్రటి మూట చేయడం మానుకోవాలని మావాళ్లకు ఎప్పుడూ చెప్తుంటాను. 2017 నుంచి దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఒక పక్కయినా చదునుగా లేని సామాను తీసుకోరు, బెల్టుల మీద దొర్లి ఇరుక్కుంటున్నాయని. ఎంతోమంది అక్కడ నేల మీద కూర్చుని, పిల్లలకు కొన్నవన్నీ విప్పి మళ్లీ అట్టపెట్టెలో సర్దుకోవడం చూసిన, చాలా బాధనిపిస్తది. పెట్టె చుట్టూ అడ్డంగా ఒక పట్టీ బిగిస్తే చాలు, జిప్పు తెగినా నోరు తెరుచుకోదు.

సుబేదారి_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. ఇంకో రెండు అనుమానాలు. తాళం ఎట్లాంటిది ఉండాలి? మళ్లీ పగిలితే ఎవరిని అడగాలి? పోయినసారి మేం ఇంటికొచ్చి నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాం.

నయీంనగర్_నుంచి_వారంవారం:
అమెరికాకు కాబట్టి టీఎస్ఏ తాళం ఉండాలి, ఎర్రటి చిన్న డైమండ్ గుర్తు ఉంటుంది. అక్కడి సెక్యూరిటీవాళ్లు పెట్టె తెరిచి చూడాలనుకుంటే వాళ్ల దగ్గరి తాళంచెవితో తీసి మళ్లీ వేసేస్తారు, లోపల ఒక కాగితం పెట్టి పోతారు. వేరే తాళమైతే కత్తిరిస్తారు. అయినా తాళం మీదే ఆధారపడకండి, మామూలు నైలాన్ జిప్పులో బాల్ పెన్ను మొన గుచ్చితే పళ్లు విడిపోతాయి, తర్వాత రన్నర్‌ను అటూ ఇటూ లాగితే ఏమీ తెలియకుండా అతుక్కుంటాయి. రెండు వరుసల జిప్పు ఉన్నవి దీనికి కొంచెం నయం. బంగారం, ఐ-20 (అక్కడి కాలేజీ ఇచ్చే వీసా కాగితం), ఒరిజినల్ సర్టిఫికెట్లు, మందులు అన్నీ అమ్మాయి చేతి బ్యాగులోనే.

ఇక నష్టం సంగతి. పెట్టె తయారుచేసిన కంపెనీ వారంటీ మామూలుగా తయారీ లోపాలకే, ఎయిర్‌లైన్స్ చేతిలో విరిగినదానికి ఎయిర్‌లైన్స్‌నే అడగాలి. బెల్టు దగ్గరి నుంచి బయటికి రాకముందే అక్కడి కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫారం రాయించుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి, సామాను ట్యాగ్ పారేయకూడదు. అంతర్జాతీయ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, దెబ్బతింటే 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లోపు రాసి ఇవ్వాలి. పరిహారానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల్లో వాడే యూనిట్), మన డబ్బులో లక్షన్నర పైమాటే, కానీ అంతా ఇస్తారని కాదు, జరిగిన నష్టాన్ని చూపించాలి. దేశంలోపల అయితే పరిమితి 20,000 రూపాయలు. మీరు నాలుగో రోజునే ఎయిర్‌లైన్స్‌కు రాసి ఉంటే గడువులోనే ఉండేవారు అక్కా, తప్పు తలుపు తట్టారు అంతే.

సుబేదారి_అమ్మ:
నిన్న హనుమకొండ చౌరస్తా దగ్గర మూడు షాపులు తిరిగాం. టేపు తీసుకుని పోయాను. ఒక పెద్ద పెట్టె చక్రాలతో కలిపి పొడవు, వెడల్పు, మందం కూడితే 164 సెంటీమీటర్లు వచ్చింది, విమానంలో వేసే పెట్టె 158 దాటకూడదు కదా, షాపు అబ్బాయి ఎవరూ చూడరన్నాడు కానీ వద్దన్నాం. చివరికి ఒకటి గుడ్డది, ఒకటి పాలీప్రొపిలీన్‌ది తీసుకున్నాం, గట్టిదాంట్లో సకినాలు, గాజు సామాను, మెత్తదాంట్లో బట్టలు. రెండూ కలిపి తొమ్మిది వేల లోపే అయ్యాయి. ఇంటికి తెచ్చి సామాను మొత్తం పెట్టి మా వంటింటి నుంచి గేటు దాకా అమ్మాయి చేతనే లాగించాను, అక్కడ ఎత్తేది తనే కదా. మా ఆయనకు నైలాన్‌ది ఇక్కడ దొరకలేదు, ఈసారి హైదరాబాద్‌లో చూస్తారట. పాత బ్యాగు పాత సామానువాళ్లకు ఇచ్చేద్దామనుకుంటున్నాం.

స్టేషన్‌రోడ్_రిపేరు:
ఇవ్వకండి అక్కా. హ్యాండిల్ పైకి రాక, కిందికి పోక ఇరుక్కుందంటే చాలావరకు గొట్టం లోపల స్ప్రింగు మీద ఉండే చిన్న పిన్ను పక్కకు తప్పి ఉంటుంది, లేకపోతే గొట్టం కొంచెం వంగి ఉంటుంది. పిన్ను అయితే అప్పటికప్పుడే అవుతుంది, గొట్టం మార్చాలంటే రెండు రోజులు. బలవంతంగా లాగకుండా అట్లాగే తీసుకురండి. సింగపూర్ సెట్టులో మిగిలిన ఆ రెండు కూడా తెండి, ఒళ్లు బాగుంటే ఎనిమిది చక్రాలు గట్టి రబ్బరువి వేసి ఇస్తాను, దగ్గరి ఊళ్లకు వాడుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం దాకానే షాపు ఉంటుంది.