బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకం: పాత ప్రతులు, క్యాసెట్లు కాపాడటం ఎలా?

మా తాతగారి సమాజం ఆడిన ‘సత్య హరిశ్చంద్రీయం’ అచ్చు ప్రతులు, క్యాసెట్లు నా దగ్గర ఉన్నాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ఈ నాటకాన్ని అందరికీ ఉచితంగా అందించాలని నా కోరిక. తెలిసినవారు దయచేసి దారి చూపండి.

ప్రతుల అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అసలు విలువంతా ఆ అంచుల్లోనే ఉంది. ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలో, హార్మోనియం ఎక్కడ ఆగాలో, వన్స్‌మోర్ పడితే ఎక్కడి నుంచి అందుకోవాలో పెన్సిల్‌తో రాసి ఉంది. స్కానర్ మీద బోర్లిస్తే కుట్టు ఊడిపోయేలా ఉంది. పైనుంచి ఫోనుతో ఫొటోలు తీస్తే ఆ రాతలు స్పష్టంగా వస్తాయా? వెలుతురు ఎటు నుంచి పడాలి? కొన్ని క్యాసెట్లకు బూజు పట్టింది. వాటిని ప్లేయర్‌లో పెట్టడానికే భయంగా ఉంది.

ఇక హక్కులు. బలిజేపల్లి వారు 1953లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లే గడువు కనుక నాటకానికి అడ్డు లేదు. చిక్కంతా కాటిసీనుతోనే. మా వాళ్లూ అందరిలాగే అందులో జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడారు. ఆయన 1971లో మరణించారు, కాబట్టి 2031 చివరి వరకు హక్కులుంటాయి. ఆ పద్యాలు కత్తిరించడానికి నాకు మనసొప్పదు, అవి లేకుండా జనం ఆ సీను వినరు కూడా. అనుమతి ఎలా అడగాలి? పాడిన నటుల వారసుల నుంచి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలా?